నిప్పెరుగని పసిడి

పొద్దు బారెడెక్కి, ఇంకో బారెడూ ఎక్కేసరికి పైడాలు, నీలకేతుడు ఎర్రకనుమ చివరి మలుపు తిరిగారు. తిరగగానే ఇద్దరి కాళ్ళూ వాటంతట అవే ఆగిపోయాయి.

ఎదురుగా ఇంగిలీకపు కొండ. అడుగున పండుమిరప రంగు, నడుమ దానిమ్మగింజ రంగు, శిఖరాన కుంకుమ రాశి పోసినంత ఎరుపు. చెట్టు లేదు, తీగ లేదు, చివరికి గడ్డిపరక లేదు. పక్షులు కూడా ఆ కొండ మీదుగా ఎగరక చుట్టు తిరిగి పోతున్నాయి. కొండ పాదాన సగం ఎండిన వాగు, అందులో కాటుక లాంటి నల్లని ఇసుక, ఆ ఇసుక నడుమ జానెడు వెడల్పున పారే సన్నటి నీరు. ఎండ పడుతున్నకొద్దీ కొండ ఒళ్ళంతా మెరుస్తోంది. ఏ మహారాజు చూసినా తన కిరీటంలో కెంపును తీసి దాచుకోవలసిందే.

నీలకేతుడు కూడా రాజు కొడుకే. మాణిక్యవాటి ప్రభువుకు రెండో కుమారుడు. కాని ఆ సమయంలో ఆయనగారిని చూస్తే కన్నతల్లి కూడా గుర్తు పట్టదు. గాజుల సెట్టి వేషం, భుజాన గాజుల కావడి, మొహాన జిగురుతో అతికించిన గడ్డం. చెమటకు ఆ గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతోంది. నాలుగు రోజుల కిందట పొగబిలంలో గంధకం తీయబోయి తొంగి చూసినందుకు కనుబొమలు మాడిపోతే, పైడాలే కాటుకతో గీసింది. ఎడమ బొమ కాస్త పైకి పోయింది. అప్పటినుంచి రాకుమారుడు ఎప్పుడు చూసినా ఆశ్చర్యపోతున్నట్టే ఉంటాడు.

పైడాలు జలగరి పడుచు. జలగరులంటే ఏటి ఇసుక కడిగి, అందులో దొరికే పసిడి రేణువులు ఏరుకొని బతికేవాళ్ళు. ఆమె మగడు ఓబన్న. పైడేటిలో దొరికే పసిడి మొత్తం తన కోటకు చేరాలని గంటలదుర్గం మాంత్రికుడు కాంస్యముఖుడు ఆజ్ఞ పంపినప్పుడు, ఏరు ఎవరి సొత్తూ కాదని నిండు జనంలో చెప్పినవాడు ఓబన్న ఒక్కడే. ఆ మాట నోట ఉండగానే అతడు పంచలోహ విగ్రహమైపోయాడు, ఆ విగ్రహం గంటలదుర్గానికి చేరింది. మాంత్రికుడు అంతటితో వదలడు. మనుషులను విగ్రహాలు చేస్తాడు, విగ్రహాలను కొలిమిలో కరిగించి గంటలు పోస్తాడు. ఆ గంటలు కొడితే లోపలి మనిషి గొంతు పలుకుతుంది. నీలకేతుడి అన్న అప్పటికే గంటయి దుర్గం మీద మోగుతున్నాడు. అన్న గొంతు గాలిలో విన్న రోజునే రాకుమారుడు రాజభవనం విడిచి పైడాలు వెంట నడిచాడు. ఓబన్న వంతు రేపు తెల్లవారగానే.

ఎంతటి మాంత్రికుడైనా శాపం పెట్టినప్పుడు విమోచనం కూడా చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆ శాపం అతడి నాలుకకే చుట్టుకొంటుంది. కాంస్యముఖుడూ చెప్పాడు. పసిడి, వెండి, రాగి, గంధకం, పాదరసం అనే ఐదింటినీ ఓబన్న పాదాల ముందు వేరువేరుగా పెట్టాలి. ఐదూ నేల కడుపున తమంతట తాము పుట్టినవై ఉండాలి. మరే పదార్థమూ వాటిలో కలిసి ఉండకూడదు. మనిషి రాజేసిన నిప్పు వాటికి తాకి ఉండకూడదు. ఈ మాటలు చెప్పి నవ్వాడు. నవ్వడూ మరి. నేలలో ఉన్నది ఏదీ ఒంటరిగా ఉండదని అతడికి తెలుసు. ఇనుము ఎర్రమట్టిలో కరిగిపోయి ఉంటుంది, సీసం గంధకాన్ని కావలించుకొని ఉంటుంది, తగరం నల్లరాయిలో దాక్కుంటుంది. వాటిని విడదీయాలంటే కొలిమి తప్ప దిక్కు లేదు. తోడు లేకుండా, తానుగా, శుద్ధంగా దొరికేవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అవైనా దొరికే చోట్లు మనుషులు పోయే చోట్లు కావు.

పైడాలు పోయింది. పైడేటి ఇసుకలో తొమ్మిది రోజులు నడుం వంచి రేణువు రేణువుగా చేరెడు పసిడి కూడబెట్టింది. మంచుకోన పగులులో జడపాయల్లా మొలిచిన వెండి తీగలను, గుడ్లగూబ రాకాసి కన్ను మూసిన రెప్పపాటులో తెంపుకొచ్చింది. రాగి రేకులు మొసళ్ళ మడుగు అడుగున దొరికాయి. ఆ కథ చెప్పమంటే నీలకేతుడికి ఇప్పటికీ గొంతు పెగలదు. గంధకం సంగతి ఆయన కనుబొమలే చెబుతున్నాయి. నాలుగింటినీ నాలుగు చోట్ల దాచింది. పసిడి జింకతోలు సంచిలో మొలకు, రాగి రాకుమారుడి తలపాగాలో, వెండి కావడిలో ఒక వైపు, గంధకం రెండో వైపు. గంధకం గాలి సోకితే వెండి నల్లబడుతుందని ఆమె భయం.

ఇక మిగిలింది పాదరసం. ఇంగిలీకం అన్నా, పాదరసమూ గంధకమూ విడదీయలేనంతగా పెనవేసుకొన్న రాయి అన్నా ఒకటే. లోకమంతా ఆ రాతిని కాల్చి పాదరసం తీస్తుంది. కాల్చకుండా దొరికేది ఈ ఒక్క కొండలోనే. నడిమధ్యాహ్నం గుహ కప్పులోని చీలికగుండా ఎండ పడినప్పుడు, పడినంతసేపూ, లోపలి రాయి తనకు తానే చెమర్చి పాదరసపు బొట్లు రాలుస్తుందని విన్నారు. ఇక్కడినుంచి గంటలదుర్గం ఒక పూట నడక. మధ్యాహ్నానికి పని ముగిస్తే వేళకు చేరతారు. తప్పితే మళ్ళీ మధ్యాహ్నం వచ్చేసరికి ఓబన్న గంటయిపోతాడు.

గుహ ద్వారంలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళంతా కొండ రంగే, కళ్ళు మూసుకొని ఉంది. ఆమె వెనుక నిలువెత్తు గోడ ధగధగ మెరుస్తోంది. పసుపు పచ్చని పలకలు, ఒక్కొక్కటి అరచేయంత, అంచులు కోసినట్టు నునుపుగా, ఎండకు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. ఆ గోడలోంచి చేతులు పొడుచుకు వచ్చి ఉన్నాయి. మొహాలు కూడా. అవన్నీ నోరు తెరిచి, ఏదో మాట సగం పలికి ఆగిపోయిన మొహాలు. ముసలమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది. గోడ మీద ఉన్నదేమిటో ఒక్క మాటలో చెబితే దారి ఇస్తుందట. తప్పు చెబితే గోడలో చోటు ఇస్తుందట.

నీలకేతుడు పుట్టినప్పటినుంచి బంగారు పళ్ళెంలో తిన్నవాడు. తనకు తెలియని బంగారమా అనుకొన్నాడు. ఠీవిగా గొంతు సవరించుకొని "బం" అన్నాడో లేదో, పైడాలు అరచేత్తో ఆయన నోరు మూసేసింది. ఆ ఊపుకు గడ్డం కాస్తా ఊడి ఆమె చేతికి వచ్చింది.

"మట్టి," అంది పైడాలు.

ముసలమ్మ కనుబొమలు కదిలాయి. మెరిసేదాన్ని మట్టి అంటున్నావేమని అడిగింది.

"మూడు నీళ్ళు కడిగేదాకా మా వాళ్ళం దేనికీ పేరు పెట్టమమ్మా. ఇది నేను కడగలేదు. కడగంది నాకు మట్టే."

నిజానికి అది ఆమె తెలివి కాదు, జలగరుల అలవాటు. కడగకముందే పసిడి అని నోరు జారితే ఏరు అలుగుతుందని పసితనాన పెద్దలు చెవి మెలిపెట్టి నేర్పుతారు. ముసలమ్మ కళ్ళు తెరిచింది. ఎన్నేళ్ళకు తెరిచిందో, రెప్పల మీది ఎర్రదుమ్ము పెళ్ళలుగా రాలింది. ఆ గోడలో ఆవగింజంత పసిడి కూడా లేదనీ, అది ఇనుమూ గంధకమూ కలిసి వేసిన వేషమనీ, ఇన్నేళ్ళలో దాన్ని బంగారం అనని మనిషి ఇదే మొదలనీ చెప్పి పక్కకు జరిగింది. నీలకేతుడు తనకు దగ్గరగా ఉన్న రాతి మొహం వైపు ఒకసారి చూసి, పైడాలు వెనకే లోపలికి దూరాడు. గడ్డం మళ్ళీ అతికించుకొనే ఊసే ఎత్తలేదు.

గుహ లోపల చల్లగా లేదు. రాయి జ్వరం వచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది. ఇద్దరూ తడిబట్టలు ముక్కుకు కట్టుకొన్నారు. ఆ గాలి ఎక్కువసేపు పీలిస్తే మతి చలిస్తుందని పైడాలుకు తెలుసు. సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి కప్పు చీలికలోంచి ఒక వెలుగు గీత దిగి ఎడమ గోడను తాకింది. తాకిన చోట ఎరుపు మరింత ఎరుపెక్కింది. ఒక బొట్టు ఉబికింది. ఇంకొకటి. చూస్తుండగానే గోడంతా వందల బొట్లు, తెల్లగా, గుండ్రంగా, ఒక్కోదానిలో ఒక్కో చిన్న గుహ కనిపిస్తూ, ఒకదానితో ఒకటి కలిసి రాతి గాడిలోకి జారుతున్నాయి. నీళ్ళలా పారుతున్నాయి గాని రాతిని తడపడం లేదు. లోహమే, కాని చేతికి చిక్కదు. ఇంత అందమైనది ఇంత మౌనంగా పుట్టడం చూసి నీలకేతుడు చేతులు జోడించాడు. పైడాలుకు అంత తీరిక లేదు. కుందేటి తోకతో బొట్లను ఊడ్చి, రాకుమారుడి ఖాళీ అత్తరు బుడ్డిలోకి నింపసాగింది.

బుడ్డి నిమ్మకాయంత ఉంటుంది. నిండాక ఎత్తబోతే గుండ్రాయంత బరువు తూగింది. బిరడా బిగించి వెనక్కి తిరిగేసరికి, రాకుమారుడు ముక్కు బట్ట దించేసి, కావడిలోని గాజులను పేరుపేరునా పలకరిస్తూ మాణిక్యవాటికి వచ్చిన రాజకన్యలుగా భావించి మర్యాదలు చేస్తున్నాడు. పైడాలు ఒక చేత్తో కావడినీ, ఇంకో చేత్తో ఆయన నడికట్టునూ పట్టుకొని బయటికి ఈడ్చింది. వాగు నీళ్ళు రెండు దోసిళ్ళు మొహాన కొట్టాక గాని ఆయనకు ఈ లోకం గుర్తుకు రాలేదు.

ఐదూ దొరికాయి. పైడాలుకు ఆ క్షణాన పట్టరాని సంతోషం కలిగింది. ఓబన్న కదులుతాడు, నవ్వుతాడు, మళ్ళీ ఏట్లో దిగుతాడు అనుకొంది. అలా అనుకొంటూ ఉండగానే ఎండలో నీడ పడింది.

తలెత్తి చూస్తే కంచు గద్దలు ఏడు. ఒక్కొక్కటి దూడంత ఉంది. రెక్క ఆడిస్తే తాళాలు మోగిన చప్పుడు. మాంత్రికుడి కొలువు గద్దలే, సందేహం లేదు. మొదటిది రాయి విసిరినట్టు దిగి నీలకేతుడి మీద పడింది. మత్తు దిగిపోయిన రాకుమారుడు కావడి బద్ద లాగి దాని మెడ మీద ఒక్కటి వేశాడు. గద్ద గిరగిరా తిరిగి ఇసుకలో పడింది. రెండోది గోళ్ళతో ఆయన వీపు చీరింది, మూడోది తలపాగా ఎగరగొట్టింది. గాజులు నలువైపులా పగిలి చిందాయి. గాజుల సెట్టి కాడని ఆ గద్దలకు అప్పటికి బాగా తెలిసి ఉంటుంది, ఎందుకంటే సెట్టి అన్నవాడెవడూ అంత లాఘవంగా బద్ద తిప్పడు. పైడాలు ఎగిరిన తలపాగా మీద పడి రాగి రేకులు కాపాడుకొంది, కావడి మీద ఒళ్ళు కప్పి వెండినీ గంధకాన్నీ కాపాడుకొంది. అంతలో ఒక గద్ద ఆమె నడుమును రాసుకొంటూ పోయింది. గోరు జింకతోలు సంచిని ఈ చివరినుంచి ఆ చివరికి చీల్చింది.

తొమ్మిది రోజుల పసిడి నల్ల ఇసుకలోకి జలజల రాలిపోయింది.

గద్దలు అంతటితో ఆగిపోయాయి. చచ్చినవి చావగా మిగిలినవి పైకి లేచాయి. ఒక్కటి మాత్రం ఎదురు బండ మీద వాలింది, మిగతావి వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. ఎందుకు ఆగాయో ఆలోచించవలసింది పైడాలు. ఆలోచించలేదు. మోకాళ్ళ మీద కూలబడి, వీపున కట్టుకొన్న, ఇసుక కడిగే కొయ్య మరిగె విప్పి, పసిడి పడిన ఇసుకంతా అందులోకి దోసిళ్ళతో ఎత్తింది. వాగు నీళ్ళు పోసింది. నల్ల ఇసుక బరువైనది, పసిడిని గట్టిగా పట్టుకొంటుంది. ఉత్త నీళ్ళతో విడదీయాలంటే సాయంత్రమవుతుంది, ఓపిక పడితే విడుతుంది కూడా. కాని ఆమె చేతులకు ఆ ఓపిక లేదు. బుడ్డి బిరడా పంటితో లాగి, పాదరసం మొత్తం మరిగెలో పోసి, అరచేతి మొదలుతో నలపడం మొదలుపెట్టింది.

ఆ పని చూడవలసిందే. మణికట్టు ఒక లయలో తిరుగుతోంది. ఇసుక ఒక అంచుకు, నీరు ఒక అంచుకు జరుగుతున్నాయి. పాదరసం ఇసుకంతా గాలించి పసిడి రేణువు కనిపించినచోటల్లా మింగేస్తోంది. మూడు నీళ్ళు మారేసరికి ఇసుక పోయింది. మరిగె అడుగున తెల్లని ముద్ద ఒకటి మిగిలింది, కోడిగుడ్డంత. ఒక్క రేణువు కూడా పోలేదు. నీలకేతుడు వీపు మీది నెత్తురు తుడుచుకొంటూ, మాణిక్యవాటి కంసాలులందరినీ తెచ్చి ఈ పని చూపించాలని మెచ్చుకొన్నాడు.

పైడాలు ముద్దను అరచేతిలో పట్టుకొని దానివైపే చూస్తోంది. ఆమె మొహంలో రంగు ఒక్కొక్కటే దిగిపోతోంది.

పసిడి పాదరసంలో కలిసిపోయింది. పాదరసం పసిడిలో కలిసిపోయింది. రెండూ శుద్ధంగా ఉండాలి, రెండూ వేరుగా ఉండాలి. ఈ ముద్దను విడదీయడానికి జలగరులకు తెలిసిన దారి ఒక్కటే. పిడకల మీద పెట్టి కాల్చడం.

బండ మీది గద్ద నోరు తెరిచింది. అందులోంచి వచ్చిన గొంతు కాంస్యముఖుడిది. చిన్న గంట కొడుతున్నట్టు, తీరిగ్గా, ముద్దుగా మాట్లాడాడు.

"నీ పసిడి దోచుకురమ్మని వీటికి చెప్పలేదు పైడాలూ. ఒలకబోసి రమ్మన్నానంతే. మిగతా పని నీ చేతులు చేస్తాయని నాకు తెలుసు. ఏడేళ్ళ పిల్లప్పటినుంచి చేసిన పనే కదా? ఇప్పుడు నిప్పు రాజేసుకో. పాదరసం ఆవిరవుతుంది, పసిడి మిగులుతుంది. అది నిప్పు తాకిన పసిడి. పట్టుకురా, నీ మగడి గంటకు అంచు పూత వేయిస్తాను."

నీలకేతుడు మాటలతో పెట్టుకోలేదు. కావడి బద్ద రెండు చేతులా ఎత్తి ఒక్క పెట్టున దించాడు. గద్ద నాలుగు ముక్కలై, ఒక్కో ముక్కా ఒక్కో స్వరంలో మోగుతూ బండ కిందికి దొర్లింది.

పైడాలు తన చేతులవైపు చూసుకొంది. ఇంతకాలం అన్నం పెట్టిన చేతులు. ఇప్పుడు వాటిమీద ఆమెకు అసహ్యం వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తిరిగినవి తిరిగినట్టే మోచేత్తో తుడిచేసుకొంది. ఏడవడానికి రేపు కావలసినంత పొద్దుంటుంది, ఇవాళ లేదు అనుకొంది.

రాకుమారుడు ఉపాయాలు చెప్పసాగాడు. పాపం, మంచి మనసుతోనే చెప్పాడు. ముద్దను గుడ్డలో వేసి పిండితేనో అన్నాడు. పిండితే పాదరసం దిగుతుంది గాని దానిలో కంటికి కనపడని పసిడి ఉండిపోతుంది, గుడ్డలో మిగిలిన పసిడిలో పాదరసం ఉండిపోతుంది, రెండూ చెడతాయని పైడాలు చెప్పింది. తన వేలి రాజముద్రిక తీసి ఇచ్చాడు. అది కొలిమిలో పుట్టిందే. ఈ నల్ల ఇసుకలోనే కొత్త పసిడి వెతుకుదామన్నాడు. ఇంగిలీకపు కొండ వాగులో పసిడి పుట్టదు. వెనక్కి పైడేటికి పోవాలంటే నాలుగు రోజులు. ఉపాయాలన్నీ అయిపోయాక పైడాలు చెయ్యి మెల్లగా మెడ దగ్గరికి పోయింది. అక్కడే ఆగింది.

జలగరుల పెళ్ళిలో కంసాలి చేసిన తాళిబొట్టు ఉండదు. పిల్లను చేసుకోదలచినవాడు ఏట్లోకి దిగి, దారం దూర్చడానికి సరిపడేంత పసిడిగింజ తానే వెతికి తేవాలి. రేణువులు ఎవరికైనా దొరుకుతాయి, గింజ దొరకడం అదృష్టం. దాన్ని కరిగించరు, సుత్తితో కొట్టరు. ఏరు ఏ రూపాన ఇచ్చిందో ఆ రూపానే చెకుముకి మొనతో తొలిచి పసుపుతాడుకు గుచ్చి కడతారు. దాని పేరు పుట్టుపైడి. ఓబన్నకు అది దొరకడానికి మూడు వానాకాలాలు పట్టింది. ఇంత ఆలస్యమైతే పిల్ల ముసలిదవుతుందని ఊరు ఊరంతా ఆటపట్టించింది. ఇంకొకరి దగ్గర అడిగి తెచ్చుకోరాదా అని పైడాలే ఒకసారి విసుక్కొంది. అతడు విన్లేదు. మూడో ఏడు వరదలో, మెడలోతు నీళ్ళలోంచి, కందిగింజంత పసిడి పళ్ళ మధ్య పట్టుకొని గట్టుకు వచ్చాడు.

పుట్టుపైడికి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆడది తన చేత్తో దాన్ని తీసేసినా, తెలిసి ఇంకొకరిని తీయనిచ్చినా ఆ కాపురం తెగిపోయినట్టే. పెద్దమనుషుల ముందు పంచాయితీ అక్కర్లేదు, కారణం అడగరు, తప్పు పట్టరు. కాని తెగిన జంటకు ఏరు రెండోసారి గింజ ఇవ్వదు, కులం రెండోసారి ముడి వేయదు. అందుకే ఇంతసేపూ ఆ గింజ మెడలోనే ఉన్నా పైడాలు మనసు దాని జోలికి పోలేదు. పోనివ్వలేదు.

ఆమె చేయి ఎక్కడ ఆగిందో చూసి నీలకేతుడికి విషయం అర్థమైంది. కాంస్యముఖుడు తూకం చెప్పలేదు, కందిగింజంత పసిడి అయినా చాలు. ఈ నెల రోజుల్లో ఆమె కుల కట్టుబాట్లన్నీ ఆమె నోటే విన్నవాడు. వద్దన్నాడు. మగడి కోసమే కదా ఈ పాట్లన్నీ, మగడే కాకుండా పోతే ఇంకెందుకన్నాడు. ఇద్దరం దుర్గం మీదపడి పోరాడదాం, కత్తి పట్టడం తెలుసు, ప్రాణం ఉంది అన్నాడు.

"గంటయిన మీ అన్నను కత్తితో దింపగలరా బాబూ?" అంది పైడాలు.

ఆయన తల వంచుకొన్నాడు. ఆ మాట అన్నందుకు ఆమెకూ బాధ కలిగింది. కాని మెత్తగా మాట్లాడే వేళ కాదు. గుహ వైపు చూసింది. వెలుగు గీత ఇంకా గోడ మీద ఉంది గాని, సగం దాటి అంచువైపు జరిగింది. మహా అయితే ఒక ఘడియ. పసిడి ఒక్కటే కాదు, పాదరసమూ మళ్ళీ కావాలి.

పాదరసం అంటిన చేతులను ఇసుకతో తోమి కడుక్కొని, చెకుముకి రాయి తీసి పసుపుతాడు కోసేసింది. ఒక్క కోతకే తెగింది. గింజను తాడునుంచి జార్చి, పాదరసం అంటిన మరిగెను తాకనివ్వకుండా దోసిట్లోనే పట్టి, చెమటా పసుపూ పోయేలా మూడు నీళ్ళు కడిగింది. మొదటి నీరు పసుపు రంగుగా పోయింది. రెండోది కాస్త. మూడోది తేటగా ఉంది. కడిగాక అరచేతిలో పెట్టుకొని, అలవాటు ప్రకారం, దాని పేరు పెట్టి పిలిచింది.

"పసిడి," అంది.

కావడిలోంచి గంధకం మూట విప్పకుండా పక్కకు నెట్టి, తలపాగా కొంగులో గింజను ముడివేసి నీలకేతుడి చేతికి ఇచ్చింది. పాదరసం ఉన్నచోటికి పసిడిని మళ్ళీ తీసుకుపోయేంత పిచ్చిది కాదు. తాను బయటికి రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పింది. నాలుగూ పట్టుకొని దుర్గం వైపు పరుగెత్తాలి, దారిలో ఏ రాతి మీదనైనా పాదరసపు బొట్టు దొరుకుతుందేమో చూడాలి. దొరకదని ఇద్దరికీ తెలుసు.

గుహ ద్వారంలో ముసలమ్మ ఈసారి కళ్ళు తెరుచుకొనే ఉంది. రెండోసారి వచ్చినవాళ్ళను తాను ప్రశ్న అడగననీ, ఆపననీ చెప్పింది. అయితే ఒకే పగలు రెండుసార్లు చెమర్చడం కొండకు అలవాటు లేదు, వెలుగు పోగానే చీలిక మూసుకొంటుంది, లోపల చిక్కినవాళ్ళను బయటికి పంపే పూచీ తనది కాదని కూడా చెప్పింది. అప్పటికే కొండ లోపల ఎక్కడో రాళ్ళు కదులుతున్న చప్పుడు మొదలైంది.

పైడాలు తడిబట్ట ముక్కుకు కట్టుకొంది. నీలకేతుడు కొంగు ముడిని గుప్పిట్లో పట్టుకొని ద్వారం దాకా వెంట నడిచాడు.

"అక్కా, రేపు ఓబన్న లేచాక... ఇదంతా ఆయనకు ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు బాబూ. కళ్ళు తెరవగానే నా మెడ చూస్తాడు."

ఆ మాట అని, ఖాళీ బుడ్డి చేతిలోకి తీసుకొని, వెలుగు అంచుకు జరిగిపోతున్న ఆ ఎర్రని గుహలోకి వంగి దూరింది.